రెండు మార్కుల సారు కింది దవడ

పళ్ళమేస్త్రికి యాభై మూడేళ్ళు, ఆయన కక్షకు ఇరవై ఆరేళ్ళు. ఇద్దరిలోనూ ఒళ్ళు చేసింది కక్షే. మనిషి బక్కపలచన, గాలి కాస్త గట్టిగా వీస్తే కిటికీ ఊచ పట్టుకుని నిలబడే రకం. కక్ష మాత్రం వేళకింత తిని, వేళకింత నిద్రపోయి, ఇంట్లో ఇంకో మనిషిలా తిరుగుతుండేది.

ఆయన పని కట్టుడు పళ్ళు చెయ్యడం. మేనకోడలు పళ్ళ డాక్టరు. ముందు గదిలో ఆమె కుర్చీ, దీపం, రోగుల మూలుగులు. వెనక గదిలో ఈయన బల్ల, స్పిరిట్ దీపం, మైనం చెక్కే చిన్న కత్తులు, నోరు తెరిచి మూసే ఇత్తడి కీళ్ళ యంత్రాలు. గోడ పొడుగునా అరలు, అరల నిండా ప్లాస్టర్ దవడలు. ఊళ్ళో పెద్దమనుషుల్లో సగం మంది చిగుళ్ళు అక్కడ వరసగా కూర్చుని ఈయన్ని చూసి పళ్ళు లేకుండా నవ్వుతుంటాయి. ఈయన చేసిన పళ్ళు పెట్టుకుని ఒక ముసలాయన చెరుకు నమిలి, అంతటితో ఆగక చెరుకు మర మూతను కూడా కొరికాడని చెబుతారు. మూతకు పడ్డ గాట్లు చూసినవాళ్ళున్నారు.

ఇంతకీ కక్ష దేనికంటే, ఒక ఆట గురించి.

వీడియో ఆటే. జపాన్ వాళ్ళు చేసింది, పేరు వెన్నెల రేవు. నలుగురు మనుషుల్ని వెంటబెట్టుకుని ఊరూరా తిరుగుతూ, రాక్షసుల్ని కొడుతూ, కథ వింటూ నెలల తరబడి ఆడే ఆట. కత్తి పట్టిన కుర్రాడు ఒకడు, దారులన్నీ తెలిసిన దొంగ ఒకడు, పిడుగులు కురిపించే మూగపిల్ల ఒకతె. నాలుగోది అవ్వ. అవ్వ చేతిలో మందుల సంచి. ఎవరికి దెబ్బ తగిలినా ఆకు నూరి కట్టు కట్టేది అవ్వే. కాబట్టి ఆడేవాళ్ళెవరైనా, దొరికిన మంచి ఉంగరమల్లా అవ్వ వేలికే తొడుగుతారు. మంచి కర్ర అవ్వ చేతికే, మంచి శాలువా అవ్వ భుజానికే. ముప్పై గంటలు అలా సాకాక రేవు వస్తుంది. వెన్నెల కాస్తుంటుంది. "మీరు పడవెక్కండి నాయనా, నేను మందాకు కోసుకొస్తాను" అని అవ్వ రెల్లుపొదల వెనక్కి వెళుతుంది.

వెళ్ళింది వెళ్ళినట్టే. ఉంగరాలు, కర్ర, శాలువా, అన్నీ ఆమెతోనే.

అవతలి ఒడ్డున ఆరడుగుల బల్లెంవాడు నిలబడి "ఆ ఖాళీలో నేను రానా?" అని అడుగుతాడు. నూటికి తొంభై తొమ్మిది మంది రమ్మంటారు. రమ్మనకుండా, ముగ్గురితోనే ఇంకో పద్నాలుగు గంటలు తన్నులు తిని, ఆ నాలుగో చోటు ఖాళీగానే ఉంచిన మొండివాళ్ళకు మాత్రం, లైట్‌హౌసు మెట్ల మీద అవ్వ కూర్చుని కనిపిస్తుంది. ఒళ్ళో మందాకు.

ఈ ఆట మీద లోకం నిలువునా రెండుగా చీలింది. ఇంత గొప్ప ఆట పుట్టలేదు, పుట్టబోదు అనేవాళ్ళు సగం. ముప్పై గంటలు దోచుకున్న దొంగ ఆట అనేవాళ్ళు సగం. ఒక బస్సు డ్రైవరూ కండక్టరూ దీని మీద మాటా మాటా వచ్చి మాటలు మానేసి, మూడేళ్ళ పాటు ఈలలతోనే బస్సు నడిపారట. నమ్మకపోతే ఆ రూట్లో ఎక్కినవాళ్ళను అడగండి.

చీలిక అంటే అలాంటి చీలిక. అందులో దొంగ ఆట అనే సగానికి పెద్దదిక్కు ఒకాయన. ఆటల పత్రికలో సమీక్షలు రాసేవాడు. "అవ్వతో పాటే ఆట కూడా పొదల వెనక్కి వెళ్ళిపోయింది. పదికి రెండు" అని తేల్చి పారేశాడు. ఆ రోజు నుంచి ఆయన రెండు మార్కుల సారు అయ్యాడు.

అప్పటికి పళ్ళమేస్త్రి పని నేర్చుకుంటున్న కుర్రాడు. నాలుగో చోటు ఖాళీగా ఉంచిన మొండివాడు. లైట్‌హౌసు మెట్ల మీద అవ్వను చూసి చొక్కా తడిసేలా ఏడ్చినవాడు. సారు ఆటను సగంలో వదిలేసి రాశాడని ఆయనకు అరచేతిలో గీతలంత స్పష్టంగా తెలిసిపోయింది. పద్నాలుగు పేజీల ఉత్తరం రాశాడు. పత్రిక అందులో నాలుగు లైన్లు అచ్చువేసి, కింద లావు అక్షరాల్లో సారు మాట ఒకటి తగిలించింది. "ఈ పాఠకుడికి తీరిక ఎక్కువ, తీర్పు తక్కువ."

అంతే, తీరిక అనే పేరు అంటుకుపోయింది. పని నేర్పిన గురువు తీరికా అన్నాడు, అద్దెగది ఓనరు తీరికా అన్నాడు. పెళ్ళయ్యాక ఎవరో భార్య చెవిన వేశారు. ఆమె ఫోనులో ఇప్పటికీ ఆయన నంబరు ఆ పేరు మీదే ఉంది.

"ఏమండీ, ఇరవై ఆరేళ్ళు పళ్ళు నూరారు. ఇంక మీకే కట్టుడు పళ్ళు కావాలి" అనేది ఆవిడ.

"ఆ మాట ఆయన నోటితోనే వెనక్కి తీసుకోవాలి. నలుగురిలో తీసుకోవాలి. అంతదాకా నూరుతాను."

"తీసుకోకపోతే?"

"నూరడానికి పళ్ళు చేసుకోవడం నాకు చేతకాదా?"

పద్నాలుగు పేజీలూ ఆయనకు కంఠతా వచ్చు. పళ్ళకు మెరుగుపెట్టే చక్రం తిరుగుతుంటే దాని రొదలో గొణుక్కుంటూ ఉంటాడు. ఏ పేజీ ఎక్కడ తిరుగుతుందో కూడా ఎరుకే.

సోమవారం మేనకోడలు ఒక రోగి చిగుళ్ళ అచ్చు తెచ్చి బల్ల మీద పెట్టింది.

"మామయ్యా, ఇది కాస్త తొందరగా కావాలి. పైవరస, కిందివరస రెండూ. ఆదివారం సభలో మాట్లాడాలట ఆయన."

"ఏం సభ?"

"పాత ఆటల సంఘం వాళ్ళదిట. వెన్నెల రేవు వరమా, మోసమా అని. నువ్వు అస్తమానం గొణుక్కునే ఆటే కదూ?"

పళ్ళమేస్త్రి అచ్చుకు అంటించిన చీటీ మీద పేరు చూశాడు. ఇంకోసారి చూశాడు. అచ్చును చేతిలోకి తీసుకుని, ఆ చిగుళ్ళ గుంటల్లోకి, బావిలోకి తొంగిచూసినట్టు చూశాడు. ఇరవై ఆరేళ్ళుగా తనను తీరిక అన్న నోరు, తన అరచేతిలో బోర్లా పడుకుని ఉంది.

"పళ్ళు గుచ్చుకునేలా చేస్తావా ఏంటి మామయ్యా, అలా నవ్వుతున్నావు?"

"ఛ! నా చేతి పళ్ళు ఒకరికి గుచ్చుకోవడమా? శత్రువుకైనా చెరుకు కొరికే పళ్ళే ఇస్తాను."

ఆ మాట నిజమే. కాకపోతే ఆయన బుర్ర అప్పటికే వేరే దారిన పోతోంది.

ఈ పనిలో ఒక పద్ధతి ఉంది. పళ్ళను ముందు గులాబీరంగు మైనంలో గుచ్చి నోట్లో పెట్టి చూస్తారు. మనిషి చేత ఒక కార్డు చదివిస్తారు. స పలికితే పై పళ్ళూ కింది పళ్ళూ తగిలీ తగలకుండా రావాలి. వ పలికితే పైవరస అంచు కింది పెదవి మీద మెల్లగా వాలాలి. ఈల వస్తే పళ్ళు జరపాలి. తరవాత మళ్ళీ విని సరిచూసుకోవడానికి ఆ చదివినదాన్ని ఫోనులో రికార్డు చేసుకుంటారు. ఆ గదిలో కార్డు పాతది, "సన్నని సూదితో సంచి కుట్టాడు, వానలో వరద వచ్చింది" అని ఏదో ఉంటుంది.

పళ్ళమేస్త్రి కొత్త కార్డు రాశాడు. స, వ తూకం వేసినట్టు పడేలా మూడు రోజులు కూర్చుని రాశాడు.

గురువారం మధ్యాహ్నం సారు వచ్చాడు. పొడుగు మనిషి, తెల్ల గడ్డం, చంకలో మడత గొడుగు. పళ్ళు లేక మాట గంజిలా జారిపోతోంది. మేనకోడలు ఆయన్ని వెనక గదిలో కూర్చోబెట్టి, మైనపు పళ్ళు నోట్లో అమర్చి, "ఈయన మా మేనమామండి, పళ్ళు చేసేది ఈయనే. ఒక కార్డు చదివిస్తారు" అని చెప్పి ముందు గదిలో రోగి దగ్గరికి వెళ్ళింది.

పళ్ళమేస్త్రి ఫోను బల్ల మీద పెట్టి, మీట నొక్కి, కార్డు చేతికిచ్చాడు.

"చదవండి సార్. స, వ వినాలి నాకు. మెల్లగా, గట్టిగా."

సారు కళ్ళజోడు సవరించుకుని మొదలుపెట్టాడు. "సార్థకమైన ఆటను సగంలో విడిచి, సాంతం చూడకుండా, శాపనార్థాలు పెట్టిన నా సమీక్ష..."

ఆగాడు.

"చదవండి సార్, స బాగా వస్తోంది."

సారు మిగతాది నోట్లోనే చదువుకున్నాడు. "సిగ్గుచేటు. వివేకవంతుడైన పాఠకుణ్ణి వెక్కిరించినందుకు విచారిస్తున్నాను." ఆయన జేబులోంచి ఎర్ర పెన్ను తీశాడు.

"సగంలో విడిచి అన్నాక సాంతం చూడకుండా దేనికయ్యా? రెండూ ఒకటే. ఒకటి కొట్టెయ్." అంటూ తనే కొట్టేశాడు. "వివేకవంతుడైన అనేది పాఠకుడు తన గురించి తనే చెప్పుకోకూడదు. అదీ కొట్టెయ్. ఇంతకీ ఎవరు నువ్వు?"

"తీరిక ఎక్కువ, తీర్పు తక్కువ."

సారు తల ఎత్తి చూశాడు. గుర్తుకు రావడానికి ఎంతోసేపు పట్టలేదు.

"పద్నాలుగు పేజీలు! నువ్వా! బతికే ఉన్నావా?"

"మీరు ఆట పూర్తి చెయ్యకుండా రాశారు సార్. అవ్వ తిరిగి రాదనుకుని రాశారు. లైట్‌హౌసు మెట్ల మీద కూర్చుని ఉంటుంది అవ్వ. ఖాళీ ఉంచినవాళ్ళకే కనిపిస్తుంది. ఆదివారం సభలో ఆ సంగతి ఒప్పుకుని, నా మీద అన్న మాట వెనక్కి తీసుకోండి. నాకు ఇంకేమీ అక్కర్లేదు."

"ఎడమ మెట్టు మీద కూర్చుని ఉంటుంది" అన్నాడు సారు.

పళ్ళమేస్త్రి చేతిలోని చిన్న కత్తి బల్ల మీద పడింది.

"ఒళ్ళో మందాకు. కుర్రాడు దగ్గరికి వెళితే, ఆలస్యమైంది నాయనా అంటుంది. ఖాళీ నేనూ ఉంచానయ్యా. బల్లెంవాణ్ణి పొమ్మన్నాను. ముగ్గురితోనే ఈడ్చుకుంటూ పోయాను. చూసే రాశాను."

"చూసి... చూసి రెండు మార్కులా?"

"చూశాను కాబట్టే రెండు!" సారు కుర్చీలో ముందుకు జరిగాడు. మైనపు పళ్ళు టకటకలాడాయి. "రేవు దగ్గర నేను ఏడ్చాను. పోయినమ్మ పోయింది, ఇంక రాదు అని గుండె రాయి చేసుకున్నాను. ఎవరైనా పోతే అలాగే కదా పోతారు, ఉంగరాలు తీసి చేతిలో పెట్టి పోతారా? అక్కడే ఆపేసి ఉంటే పదికి పది ఇచ్చేవాణ్ణి. తిరిగొచ్చి ఆలస్యమైంది నాయనా అంటుందా? మరి నా ఏడుపేం కాను? నన్ను వెర్రివాణ్ణి చేసింది ఆ ఆట."

"వెర్రివాణ్ణి చెయ్యడం కాదు సార్ అది! ఆమె చోటు ఎవరికీ ఇవ్వకుండా కూర్చున్నవాడికి..."

"నేను మాట వెనక్కి తీసుకోను. నీ తీర్పు తక్కువే. ఆమె తిరిగి రావడమే గొప్ప అనుకున్నావు చూడు, అక్కడే తక్కువ."

"నా ఉత్తరంలో దానికి జవాబుంది. తొమ్మిదో పేజీలో."

"తొమ్మిదో పేజీ ఎవడు చదివాడు?" అన్నాడు సారు. "రెండో పేజీ తరవాత చదవలేదు. కుర్రవాడి దస్తూరీ, కోడి కెలికినట్టుంది."

అరల మీద దవడలన్నీ నోరు బిగించినట్టు అనిపించింది.

పళ్ళమేస్త్రి ఇరవై ఆరేళ్ళుగా మోసింది వేరే నేరం. ఆట సగంలో వదిలేశాడని. వదిలేసింది ఆటను కాదు, తనను. కక్ష మునుపటికన్నా ఎక్కువగా మండింది. సరిగ్గా అప్పుడే మేనకోడలు తల లోపలికి పెట్టింది.

"ఎలా ఉన్నాయి మామయ్యా?"

"పైవరస బంగారం. కిందివరస కదులుతోంది అమ్మాయ్. అచ్చు మళ్ళీ తియ్యాలి."

ఆమె సారు నోట్లో వేలు పెట్టి కదిపి చూసింది. నిజంగానే కాస్త కదులుతోంది. "అవును. తీసెయ్ మరి. నాకు ముందు గదిలో గంట పని ఉంది."

కింది దవడ అచ్చు తియ్యడమంటే, పొడి నీళ్ళలో కలిపి గట్టి ముద్ద చేసి, ఇనప తొట్టెలాంటి ట్రేలో నింపి, నాలుక పైకెత్తమని నోట్లో నొక్కి పట్టుకోవాలి. ముద్ద గట్టిపడేదాకా మనిషి మాట్లాడకూడదు. కదిలితే అచ్చు పోతుంది. మామూలు నీళ్ళతో కలిపితే రెండు నిమిషాల్లో గట్టిపడుతుంది. పళ్ళమేస్త్రి సారు నోట్లోంచి మైనపు పళ్ళు తీసి పక్కన పెట్టి, ఫ్రిజ్ తెరిచి ఐసు ముక్కలు తేలుతున్న సీసా తీశాడు. చల్లటి నీళ్ళతో కలిపిన ముద్దకు తొందర ఉండదు.

"నోరు పెద్దగా తెరవండి సార్. నాలుక పైకి. ఆఁ, అంతే. ఇంక ఒక్క ముక్క మాట్లాడొద్దు."

బొటనవేళ్ళు రెండూ ట్రే మీద నొక్కిపెట్టి, సారు కళ్ళలోకి చూస్తూ, మేస్త్రి గొంతు సవరించుకున్నాడు.

"మూడో పేజీ."

సారు కనుబొమలు పైకి లేచాయి.

"అవ్వకు ఉంగరం తొడిగినప్పుడు అది మన సొత్తు అని మనం ఎందుకు అనుకోవాలి అని అడుగుతున్నాను. ఇచ్చినదాన్ని ఇచ్చాననుకున్నవాడికి రేవు దగ్గర దొంగతనం జరగదు..."

నాలుగో పేజీ చివర ముద్ద గట్టిపడింది. ట్రే బయటికి వచ్చింది. సారు ఉమ్మి, నోరు పుక్కిలించి, పళ్ళు లేని నోటితో ఒంటికాలి మీద లేచాడు.

"నాలుగో పేజీలో లెక్క తప్పు! రేవుకు ముప్పై గంటలు కాదు, ఇరవై ఆరే."

"మీరు పరిగెత్తించారు సార్. దారిలో వచ్చే చేపలవాడి కూతురి కథ చూడకుండా వచ్చేశారు."

"దండగ కథ అది."

"దాని గురించి ఆరో పేజీలో ఉంది." మేస్త్రి అచ్చును దీపం కిందికి పట్టి పరీక్షగా చూశాడు. "అయ్యో. గాలిబుడగ పడింది. మళ్ళీ తియ్యాలి."

"ఏదీ, చూపించు."

చూపించాడు. కందిగింజలో సగం ఉంది బుడగ. అటు తిప్పితే కనపడుతుంది, ఇటు తిప్పితే కనపడదు. అలాంటి బుడగతో ఏ మేస్త్రి అయినా కళ్ళు మూసుకుని పళ్ళు చేస్తాడు. సారుకు సంగతి అర్థమైంది. గొడుగు కోసం చెయ్యి చాచాడు.

"వెళతారా సార్? వెళ్ళండి. ఆదివారం సభలో చిగుళ్ళతో మాట్లాడండి. ఆటను మెచ్చిన సగం వాళ్ళు ముందు వరసలో కూర్చుంటారట."

చెయ్యి గొడుగు దాకా వెళ్ళి ఆగింది. నోరు దానంతటదే తెరుచుకుంది.

ఐదు, ఆరు పేజీలు అయ్యాయి. సారు ముక్కుతో బుసకొట్టాడు. రెండో అచ్చు కుడి మూల పలచన అని తేలింది. ఏడు, ఎనిమిది అయ్యాయి. మధ్యలో సారు చెయ్యి గాల్లో ఊపి ఏదో కాదన్నాడు, మేస్త్రి "కదలకండి, అచ్చు పోతుంది" అని బొటనవేళ్ళు ఇంకాస్త నొక్కాడు. మూడో అచ్చుకు నాలుక అడ్డం వచ్చిందట. నేల మీద గులాబీరంగు ముద్దలు పడి ఉన్నాయి. ఒక్కొక్కటీ సారు కింది దవడే.

"నువ్వు రాక్షసుడివయ్యా" అన్నాడు సారు, రుమాలుతో గడ్డం తుడుచుకుంటూ.

"తీరిక ఎక్కువ సార్. నోరు తెరవండి. తొమ్మిదో పేజీ."

ఈసారి ఐసు నీళ్ళు ఇంకో చెంచా ఎక్కువ పోశాడు.

"తొమ్మిదో పేజీ. తిరిగొస్తుందని తెలిసి ఎవడూ చోటు ఖాళీ ఉంచలేదు సార్. రాదనుకునే ఉంచాను. బల్లెంవాడు వస్తే దెబ్బలు తగ్గుతాయి, ఆట సులువవుతుంది. అయినా ఆ చోట ఇంకొకణ్ణి చూడలేకపోయాను. ఆమె రాకపోయినా చివరిదాకా అలాగే ఆడి ఉండేవాణ్ణి. అవ్వ రావడం నాకు బహుమానం కాదు. నేను ఉంచిన చోటు ఆమెకు తెలిసింది, అంతే..."

సారు కనుబొమలు ఈసారి పైకి లేవలేదు. కళ్ళు మాత్రం పక్కకు తిరిగి, అరల మీది దవడల్ని చూశాయి. కాసేపటికి చేతివేళ్ళు గాల్లో రాస్తున్నట్టు ఆడించాడు. పదో పేజీ ఆపకుండానే మేస్త్రి మోచేత్తో చీటీల పుస్తకం ఆయన ఒళ్ళోకి తోశాడు. సారు ఎర్ర పెన్నుతో, కుర్చీ చేతి మీద ఆనించి, పెద్ద అక్షరాలతో రాశాడు.

తీర్పు తక్కువ అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఆదివారం సభలో చెబుతాను.

పళ్ళమేస్త్రి చదివాడు. ఒకసారి చదివి నమ్మకం కుదరక రెండోసారి చదివాడు. ఇరవై ఆరేళ్ళు మేపిన కక్ష, తలుపు తీసి ఉన్నా బయటికి పోకుండా అక్కడే నిలబడి ఆయన వంక చూస్తున్నట్టయింది. పదో పేజీ చివరి రెండు లైన్లూ వణికాయి.

ముద్ద గట్టిపడింది. ట్రే తీశాడు. అచ్చు అద్దంలా వచ్చింది, ఏ మూలా వంక పెట్టడానికి లేదు. మేస్త్రి దాన్ని జాగ్రత్తగా తడిగుడ్డలో చుట్టాడు. ఇంతలో సారు చీటీ వెనక్కి లాక్కుని, కింద ఇంకో లైను గీకి, చేతికిచ్చాడు.

మార్కులు మాత్రం రెండే.

"తొమ్మిదో పేజీ విన్నాక కూడానా?"

"పేజీ బాగుంది. అప్పుడే చదవాల్సింది" అన్నాడు సారు నోట్లో గంజి పోసుకున్నట్టు. "పేజీకి తొమ్మిది ఇస్తాను. ఆటకు రెండే."

తలుపు దగ్గర మేనకోడలు గ్లవ్స్ తీస్తూ నిలబడింది. నేల మీది ముద్దలు లెక్కపెట్టింది.

"మామయ్యా! ఇన్ని అచ్చులేంటి? అయిందా లేదా?"

పళ్ళమేస్త్రి చీటీని నాలుగు మడతలు పెట్టి, చొక్కా జేబులో వేసుకుని, బొత్తాం పెట్టుకున్నాడు. తడిగుడ్డలో చుట్టిన అచ్చు వంక చూడలేదు. ఫ్రిజ్ తలుపు తెరిచాడు.

"ఇంకో నాలుగు పేజీల పని ఉంది అమ్మాయ్" అన్నాడు. "నోరు తెరవండి సార్."